చెరువు కడుపులో ఇరవై గుంటలు

నాకు ఇరవై గుంటల భూమి ఉంది, అంటే అరెకరం. పట్టా ఉంది, సర్వే నంబరు ఉంది, రిజిస్ట్రీ కాగితం ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. భూమి చూడాలంటే మాత్రం మీకు ఈత రావాలి. వానకాలం మొదలుకొని మాఘమాసం దాకా దాని మీద నీళ్లుంటాయి, మిగతా నెలల్లో బర్రెలుంటాయి. ఈ మధ్య మా వాడకట్టులో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంజనీర్ పిల్లలు రంగురంగుల కాగితాలు పట్టుకుని వస్తున్నారు. "తాతా, ఈ వెంచర్ల ప్లాటు తీసుకుంటే ఎట్లుంటది? మీకు బాగా అనుభవం కదా!" అంటారు. ఆ అనుభవం ఎలాంటిదో తెలిస్తే మా గేటు కూడా తీయరు. తెలియాలనే రాస్తున్నాను.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. ఆఫీసు బోర్డు మీద మా శాఖ పేరు మారింది గానీ జనం నోట్లో ఇంకా ఉర్దూ తామీరాతే, అంటే కట్టడాల శాఖే. పెద్దపల్లి పక్కన వడ్లు పండించే ఇంట్లో పుట్టి, ఉర్దూలో చదువుకుని, ఓవర్సీర్ పరీక్ష పాసై, గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా ఊళ్లో పడ్డాను. ఊరి పేరు చెప్పను. ఈ కథ తెలిసినవాళ్లు అక్కడ ఇంకా కొందరున్నారు, వాళ్లు నవ్వింది చాలు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నెత్తిన సోలా టోపీ, చేతిలో కొలత టేపు. ఈ రెండూ ఉన్న మనిషికి లోకంలో తెలియని సంగతి ఉండదని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి.

ఆ ఊళ్లో నాకు అప్పగించిన పని సర్కారు దవాఖాన కట్టించడం. ఒక దిక్కు బొగ్గు బావులు, ఇంకో దిక్కు ఫ్యాక్టరీ వస్తుందన్న మాటలు. రైలు దిగిన ప్రతి మనిషీ మూట చంకన పెట్టుకుని కిరాయి గది వెతుక్కునేవాడు. నేనూ వెతుక్కున్నవాణ్ణే. నాకు దొరికిన గది కప్పు నాలుగు చోట్ల కారేది. పొద్దంతా సర్కారు కప్పులు కారకుండా చూసి, సాయంత్రం వచ్చి నా మంచం ఏ మూలకు జరపాలా అని చూసుకునేవాణ్ణి. అలా జరుపుతుండగా ఒకరోజు నాకు జ్ఞానోదయమైంది. ఇంతమంది ఇళ్లు వెతుకుతుంటే ఇళ్లు కట్టే విద్య తెలిసిన నేను కిరాయికి ఉండడమేమిటి? భూమి కొనాలి, ప్లాట్లు చేయాలి, అమ్మాలి, మూల ప్లాటులో మేడ కట్టుకోవాలి. ఈ ఆలోచన ఆ తాలూకాలో మొట్టమొదట నాకే వచ్చిందని గర్వపడ్డాను. మొదట నాకే ఎందుకు వచ్చిందో మిగతావాళ్లకు తెలుసు.

ఊరి పెద్ద భూస్వామి దగ్గర ఒక గుమాస్తా ఉండేవాడు. చాలా మర్యాదస్తుడు. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం నన్ను ఊరి తూర్పు అంచుకు తీసుకెళ్లి ఆ భూమి చూపించాడు. ఏం భూమి అది! బల్లపరుపు. వెతికినా ఒక్క రాయి లేదు. మెత్తటి ఒండ్రుమట్టి, ఇటుకలకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. పక్కన తవ్విన గుంతలో నడివేసవిలో కూడా ఎనిమిది అడుగులకే నీళ్లు. పైగా ఎక్కడ చూసినా తెల్లటి నత్తగుల్లలు, సున్నం కాల్చుకోవడానికి సిద్ధంగా. మట్టి, నీళ్లు, సున్నం మూడూ ఒకేచోట పెట్టిన దేవుడి ముందుచూపుకు మురిసిపోయాను.

దవాఖాన పని చేస్తున్న మేస్త్రీ ఆ రోజు నా వెంట ఉన్నాడు. ధర్మపురి దిక్కు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. రాయిని ఒకసారి తట్టి చూసి ఎక్కడ పగులుతుందో చెప్పేవాడు. అక్షరం ముక్క రాదు, అందుకని నేను అతనికి చాలా విషయాలు నేర్పుతుండేవాణ్ణి. అతను వంగి ఒక నత్తగుల్ల ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు.

"సారూ, గిది చెరువు కడుపు," అన్నాడు.

"ఎరుకే మేస్త్రీ. గా కట్ట తెగి ఎన్నేండ్లాయె?"

"పోలీస్ యాక్షన్ కన్న ముందే తెగె."

"మల్ల ఎవలన్న కట్టించిన్రా?"

"ఎవలు కట్టిస్తరు సారూ!"

"నేను జెప్పేది గదే," అన్నాను.

చూశారుగా నా తర్కం. తెగిన చెరువును సర్కారు బాగు చేయిస్తుందని నాకు కలలో కూడా అనుమానం రాలేదు. నేను సర్కారు ఉద్యోగిని. దవాఖాన కిటికీలకు చువ్వలు కావాలని రాసిన కాగితం కరీంనగర్‌లో ఉన్న మా పై ఆఫీసుకు పోయి రావడానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? సర్కారు కదలదన్న నమ్మకం మీద నేను పునాది వేశాను.

గుమాస్తా మోసం చేశాడనకండి. కాగితంలో ఉర్దూలో శుభ్రంగా రాసే ఉంది, శిఖం పట్టా అని. శిఖం అంటే చెరువులో నీళ్లు నిలిచే నేల. పట్టాదారు ఎండినప్పుడు దున్నుకోవచ్చు, నిండినప్పుడు నోరు మూసుకోవాలి, నష్టపరిహారం అడగకూడదు. నాకు ఉర్దూ చక్కగా వచ్చు. చదవడం రాదని చెప్పుకునే అదృష్టం కూడా లేదు.

పైసలు కొంత తక్కువ పడితే ఇంటికి పోయి బాపును అడిగాను. బాపు వడ్ల బస్తా కుట్టు కుట్టుకుంటూ అంతా విన్నాడు.

"వానకాలంల చూసినవా?" అన్నాడు.

"వానకాలం ఇంక రాలే గద బాపూ!"

"అయితె వచ్చిందాక ఆగు."

నేను నవ్వాను. నా చదువేమిటి, బాపు మాటేమిటి! ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. బాపు కుట్టు ముగించి పైసలు ఇచ్చాడు, నేను ఇరవై గుంటలు కొన్నాను. నేను కొన్నానని మేస్త్రీ కూడా నా పక్కన రెండు గుంటలు కొన్నాడు. ఇదే అసలు సంగతి. నత్తగుల్ల చేతిలో పట్టుకుని మరీ చెప్పినవాడు, ఓవర్సీర్ సారుకు తెలియదా అనుకుని కొన్నాడు.

తర్వాతి ఏడాదంతా నేను కాగితం మీద నగరం నిర్మించాను. పది ప్లాట్లు, నడుమ ఇరవై అడుగుల రోడ్డు, చివర పార్కు. పార్కులో కూర్చోవడానికి రెండు సిమెంటు బల్లలు కూడా గీశాను. భూమి మీద మాత్రం నేను చేసింది హద్దురాళ్లు పాతడం, మూల ప్లాటులో నాలుగు బండ్ల చెక్కిన రాయి దింపించడం. ఆ ఏడు వానలు పడ్డాయి గానీ తెగిన గండిలోంచి నీళ్లు పడ్డవి పడ్డట్టే పోయాయి. "చూసినవా మేస్త్రీ, పాదం తడవలే," అన్నాను.

మేస్త్రీ కాగితాలు గీయలేదు, ఇల్లు కట్టాడు. రోజూ దవాఖాన పని దిగాక పొద్దు వాలేలోపు గంట, ఆదివారం నాడు రోజంతా. అతని భార్య రాయి అందించేది, అతను పేర్చేవాడు. రెండు గదులు, ముందు చిన్న అరుగు. రాతికీ రాతికీ మధ్య సందులో గోరు దూరదు. సర్కారు దవాఖానకు కూడా అంత బాగా కట్టలేదు, ఆ మాట నేను రిపోర్టులో రాయలేదనుకోండి. దర్వాజ ఎత్తిన రోజు గడపకు పసుపు రాసి, మామిడాకులు కట్టి, నన్ను పీట మీద కూర్చోబెట్టారు. "గీ ఇల్లు మీ దయ సారూ," అని ఆమె బెల్లం ముక్క చేతిలో పెట్టింది. నేను చాలా హుందాగా తీసుకున్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలకు సర్కారు కదిలింది. తెగిన చెరువులన్నీ బాగు చేయాలని పైనుంచి హుకుం. నా నౌకరీ మొత్తంలో సర్కారు చురుగ్గా చేసిన పని అదొక్కటే, అది కూడా సరిగ్గా నా భూమి మీద. తాలూకా జాబితాలో మొదటి పేరు ఆ చెరువుదే. దవాఖాన అయిపోయి ఖాళీగా ఉన్న ఓవర్సీర్ ఎవరా అని చూస్తే నేనే కనిపించాను. నా ఆస్తిని ముంచే పని నాకే అప్పగించారు, పైగా త్వరగా పూర్తి చేయాలని కింద గీత గీసి రాశారు.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు దూకిపోవడానికి కట్ట కొసన ఒక రాతి గోడ ఉంటుంది, దాన్ని మత్తడి అంటారు. మత్తడి ఎంత ఎత్తుంటే చెరువులో నీళ్లు అంత ఎత్తు నిలుస్తాయి. మా చెరువు మత్తడి కట్టతో పాటే కొట్టుకుపోయింది. పాత ఎత్తుకు మిగిలిన ఆనవాలు తూము రాతి మీద ఒక గంటు మాత్రమే. లెవెల్ యంత్రం పెట్టి ఆ గంటు దగ్గర మొదలుపెట్టి మేస్త్రీ గడప దాకా చూశాను. ఒకసారి చూసి తప్పు చూశాననుకుని మళ్లీ చూశాను. మత్తడిని పాత ఎత్తుకు కడితే మేస్త్రీ గడప మీద రెండున్నర అడుగుల నీళ్లు నిలుస్తాయి. నా పార్కులో అయితే మనిషి మునుగుతాడు.

అదే మత్తడిని మూడడుగులు తగ్గిస్తే మేస్త్రీ ఇల్లు దక్కుతుంది, నా ప్లాట్లలో సగం దక్కుతాయి. తగ్గించడం కష్టమేమీ కాదు. పాత నక్షాలు లేవు. పొదుపు కోసం తగ్గించామని రాస్తే పై ఆఫీసులో సంతోషిస్తారు. నష్టం ఒక్కటే, ఆయకట్టు కొసన ఉన్న పొలాలకు నీళ్లు పారవు. ఆ పొలాలవాళ్లు పదేళ్లుగా జొన్నలు చల్లుకుంటూ, పండని ఏడు బొగ్గు బావుల్లోకి దిగుతున్నారు. వాళ్లలో ఒక్కడి మొహం కూడా నాకు తెలియదు. అది నాకు చాలా సౌకర్యంగా అనిపించింది.

మేస్త్రీకి చెప్పాను. అతను అరుగు మీద కూర్చుని గడప వంక చూశాడు.

"మూడడుగులు దగ్గిస్తె ఇల్లు ఉంటదా సారూ?"

"ఉంటది."

"కొసాకు పొలాలు?"

"పారవు."

"పదేండ్ల సంది పారుత లెవ్వు," అన్నాడు. అరుగు రాయి మీద అరచెయ్యి పెట్టి, "తగ్గించుండ్రి సారూ. నాకు గిదొక్కటే ఉన్నది," అన్నాడు.

ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో నాకు తెలిసింది. వారం రోజులు కూర్చుని నక్షా గీశాను, మూడడుగులు తగ్గించే గీశాను. నా చేతి గీత ఎప్పుడూ లేనంత నీటుగా వచ్చింది.

కట్ట మీద ఒక ముసలాయన రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆ చెరువు నీరటి. తరతరాలుగా తూము తీసి ఏ మడికి ఎన్ని నీళ్లో పంచేది వాళ్లే. కొస మడికి నీళ్లు చేరకపోతే తిట్లు తినేదీ వాళ్లే. చెరువు తెగిన దగ్గర్నుంచి బీడీ ఆకు కోతకు పోతున్నాడు. పని మొదలైందని విని అది మానేసి వచ్చాడు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "సారూ, నీళ్లు ఎందాక నిలుస్తుండెనో నాకెరుక. చూపెట్టాల్నా?" అన్నాడు.

"అక్కర లేదు తాతా. మేం యంత్రంతోని చూసినం," అన్నాను.

ముసలాయన నా మొహం వంక చూశాడు. తర్వాత మేస్త్రీ ఇంటి వంక చూశాడు. పోయి కట్ట మీద తన చోట కూర్చున్నాడు.

మత్తడి ఎత్తు ఖాయం చేసే రోజు వచ్చింది. అసిస్టెంట్ ఇంజనీర్ జీపులో దిగాడు. కృష్ణా ఒడ్డు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. ఆయన మాట మాకు సినిమాలో మాటలా ఉండేది, మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది. ఆయకట్టు రైతులు వందమంది దాకా కట్ట మీద బారులు తీరారు. నేను ముందురోజు దాకా చూడని మొహాలన్నీ ఒక్కసారి వచ్చి నా ముందు నిలబడ్డాయి. మేస్త్రీ మత్తడి గుంత దగ్గర తాపీ పట్టుకుని ఉన్నాడు. ఊళ్లో అంతకన్నా మంచి పనివాడు లేడు కాబట్టి గుత్తేదారు ఆ పని అతనికే ఇచ్చాడు.

ఇంజనీర్ నక్షా విప్పి చూశాడు. "ఏమండీ ఓవర్సీరు గారూ, ఇది పాత మట్టమేనా?" అన్నాడు. నేను గొంతు సవరించుకునేలోపు ఆయనే రైతుల వైపు తిరిగాడు. "ఇక్కడ నీరు కట్టే మనిషి ఎవరయ్యా? పాత రోజుల్లో నీళ్లు ఎంతవరకు నిలిచేవో చూపించు."

అందరూ ముసలాయనను ముందుకు తోశారు. నా పని అయిపోయిందనుకున్నాను. నీరటి కట్ట దిగలేదు, చేయెత్తి చూపించలేదు. నెత్తి రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"మా సారు యంత్రంతోని చూసిండు. సదువుకున్నోడు. సారు ఎంత జెప్తె గంత," అన్నాడు.

వందమంది నా వైపు చూశారు. ఆ ముసలాయన తూము గంటు చూపించి ఉంటే బాగుండేది, పొరపాటు పడ్డానని తప్పించుకునేవాణ్ణి. నన్ను ఇరికించడానికి అలా అన్నాడా, నిజంగానే నమ్మి అన్నాడా అనేది నాకు ఈ రోజుకీ తెలియదు. మేస్త్రీ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. అతను కూడా నావైపే చూస్తున్నాడు.

"ఇంకో మూడడుగులు పైకి," అన్నాను. "నక్షాల తప్పున్నది సార్. నాదే తప్పు."

ఇది నిజాయితీ అని మీరనుకుంటే నాకు అభ్యంతరం లేదు, ఇంజనీర్ కూడా అలాగే అనుకున్నాడు. నిజానికి అది భయం. అంతమంది మొహాలు చూస్తూ అబద్ధం చెప్పేంత ధైర్యం నాకు లేకపోయింది. గదిలో కూర్చుని గీత గీయడం వేరు. ఇంజనీర్ నా భుజం తట్టాడు. తన తప్పు తానే ఒప్పుకున్న ఉద్యోగి అని నెల తిరగకుండా మెచ్చుకోలు కాగితం పంపించాడు. నా ముప్పై ఏళ్ల నౌకరీలో నాకొచ్చింది ఆ ఒక్కటే. దాని ఖరీదు రెండు గదులు, ఒక అరుగు. ఆ ఖరీదు ఇచ్చుకున్నది నేను కాదు. ఇరవై గుంటలు పోయినందుకు నాకు ఏడుపు రాలేదు గానీ, ఆ కాగితం చేతికొచ్చిన రోజు ఏడ్చాను.

మేస్త్రీ నేను చెప్పిన ఎత్తుకు గుర్తు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. తర్వాత నెలన్నర పాటు పగలంతా మత్తడి కట్టాడు, పని దిగాక తన ఇల్లు విప్పుకున్నాడు. ముందు పెంకులు, తర్వాత దూలాలు, తర్వాత దర్వాజ. అతని భార్య రాళ్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి బండిలో పెట్టేది. నేను ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తిరిగేది. నా మూల ప్లాటులో ఉన్న చెక్కిన రాయి తీసుకుపొమ్మన్నాను. వద్దంటాడేమో అనుకున్నాను. వద్దనలేదు, నాలుగు బండ్లూ తోలుకుపోయాడు. అప్పుడు నాకు కాస్త ఊపిరాడింది.

మత్తడిని మాత్రం తన ఇంటి గోడల్లాగే కట్టాడు. నేను సందుల్లో వేలు పెట్టి చూశాను, గోరు దూరలేదు.

ఆ ఏడు శ్రావణంలో చెరువు నిండింది. మత్తడి దూకిన రోజు ఊరంతా కట్ట మీదే ఉంది. డప్పులు కొట్టారు, గంగమ్మకు పసుపు కుంకుమలు, చీరె వదిలారు, యాటను కోశారు. నీరటి ముసలాయన తూము మీద నిలబడి పెళ్లికొడుకులా వెలిగిపోయాడు. కొస పొలాలవాళ్లు నాకు బంతిపూల దండ వేశారు. వద్దన్నాను, వినలేదు. నీళ్లలోంచి నా హద్దురాళ్లు ఒక్కటి కూడా కనిపించడం లేదు. మేస్త్రీ ఇల్లున్న చోట నాలుగు నీటికోళ్లు ఈదుతున్నాయి.

దండ తీసి చేతిలో పట్టుకుని మేస్త్రీ దగ్గరికి పోయాను. జనానికి దూరంగా, తాను కట్టిన గోడ మీంచి నీళ్లు దూకుతుంటే చూస్తున్నాడు. "గోడ మంచిగ నిలబడ్డది మేస్త్రీ," అన్నాను.

"నిలబడతది సారూ."

వంగి గోడ అంచుకు చిక్కిన గడ్డిపోచ తీసి పారేశాడు. తర్వాత అతనే అన్నాడు.

"సారూ, మల్ల యాడనన్న జాగ కొంటరా?"

"ఏమో. కొంటనేమో."

"కొనేటప్పుడు నాకు జర కబురు పంపుండ్రి."

ఇంత జరిగాక కూడా ఈ మనిషికి నా మీద నమ్మకం పోలేదా అనుకున్నాను. "తప్పకుంట పంపుత మేస్త్రీ. నువ్వు గూడ పక్కన తీసుకుంటవా?" అన్నాను.

"లే సారూ. గా దిక్కు పోకుంట ఉంట," అన్నాడు. నవ్వుతూ కాదు, మామూలుగా, రేపటి పని చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత నేను మూడు చోట్ల భూమి కొన్నాను, ఒకటి జగిత్యాల దారిలో, రెండు కరీంనగర్లో. కొనే ముందు ప్రతిసారీ మరిచిపోకుండా మేస్త్రీకి ఒక కార్డు రాసి పడేశాను, ఎవరితోనైనా చదివించుకుంటాడని. జవాబు ఒక్కసారి కూడా రాలేదు, అతను ఆ దిక్కుల్లో ఒక్క చోట కూడా కొనలేదు.